కొడగు కొండల నుంచి కొరియా దాకా: జనరల్ తిమ్మయ్య

తిమ్మయ్య. ఈ పేరు వింటే మన పక్క వీధి మనిషి అనిపిస్తుంది. మన ఊళ్లలో తిమ్మయ్యలు, తిమ్మప్పలు చాలామందే ఉంటారు. కానీ ఇప్పుడు మనం చెప్పుకునే తిమ్మయ్య గారిది తెలుగు నేల కాదు. పక్కనే ఉన్న కర్ణాటకలోని కొడగు. ఆయన పూర్తి పేరు కోదండెర సుబ్బయ్య తిమ్మయ్య. 1957 నుంచి 1961 దాకా మన దేశ సైన్యానికి ఆయనే అధిపతి.

ఆయన మంచు కొండల మీదికి ట్యాంకులు ఎక్కించారు. పరాయి దేశంలో ఇరవై రెండు వేల మంది ఖైదీల బాధ్యత మోశారు. సైన్యాధిపతిగా ఉండగానే రాజీనామా రాసిచ్చారు, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. చివరికి దేశం కాని దేశంలో, పనిలో ఉండగానే కన్ను మూశారు. ఇవన్నీ ఎలా జరిగాయో చూద్దాం.

జనరల్ అంటే ఎవరు?

మన ఊరి కుర్రాడు మిలిటరీలో చేరాడనుకోండి. మొదట సిపాయి అవుతాడు. తరవాత నాయక్, హవల్దార్, సుబేదార్ అవుతాడు. ఆఫీసర్ల వరస వేరు. లెఫ్టినెంట్‌తో మొదలవుతుంది. కెప్టెన్, మేజర్, కల్నల్, బ్రిగేడియర్, ఇలా పైకి పోతుంది. ఆ పైన మేజర్ జనరల్, లెఫ్టినెంట్ జనరల్. అందరికన్నా పైన జనరల్. దేశం మొత్తం సైన్యానికి పెద్దగా ఉండే మనిషి హోదా అది.

సైన్యంలో మనుషులను గుంపులు గుంపులుగా కడతారు. సుమారు ఎనిమిది వందల మంది ఉంటే ఒక పటాలం. దాన్నే బెటాలియన్ అంటారు. అలాంటివి మూడు కలిస్తే బ్రిగేడు. మూడు బ్రిగేడులు కలిస్తే డివిజను. డివిజనుకు పెద్ద మేజర్ జనరల్. అంటే ఆయన చేతి కింద పదివేల మందికి పైగానే ఉంటారు. వాళ్ల తిండి, బట్ట, తుపాకీ, మందు, ప్రాణం అన్నీ ఆయన లెక్కలోకే వస్తాయి. తుపాకీ కాల్చడం సిపాయి పని. ఎక్కడ, ఎప్పుడు, ఎంతమంది కాల్చాలి, అసలు కాల్చాలా వద్దా అని ఆలోచించడం జనరల్ పని.

కొడగు పిల్లవాడు

కొడగు కావేరి నది పుట్టే చోటు. అన్నీ కొండలు, అడవులు, కాఫీ తోటలు. చిన్న సీమ. కానీ అక్కడి కొడవ కుటుంబాల్లో సైన్యంలో చేరడం వాడుక. స్వతంత్రం వచ్చాక మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి కరియప్ప గారు. ఆయనదీ కొడగే.

తిమ్మయ్య 1906 మార్చిలో మడికేరి ఊళ్లో పుట్టాడు. తండ్రి సుబ్బయ్యకు కాఫీ తోటలు ఉన్నాయి. కలిగిన ఇల్లు. పిల్లవాణ్ణి ఎనిమిదేళ్లకే కూనూరు బడికి పంపించారు. ఆ తరవాత బెంగుళూరు బడికి. 1922లో డెహ్రాడూన్‌లో ప్రభుత్వం కొత్తగా ఒక మిలిటరీ బడి పెట్టింది. తిమ్మయ్య అందులో చేరాడు. అక్కడి నుంచి ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్‌కు వెళ్లాడు. ఆఫీసర్లను తయారు చేసే పెద్ద కళాశాల అది. ఆ రోజుల్లో మన దేశం నుంచి ఏటా కొద్దిమందినే అక్కడ చేర్చుకునేవారు.

1926లో ఆఫీసర్ అయ్యి తిరిగి వచ్చారు. ఆయన్ని వేసిన పటాలం పేరు 19వ హైదరాబాద్ రెజిమెంటు. ఈ పేరు విని మన హైదరాబాదు వాళ్ల పటాలం అనుకోకండి. పూర్వం నిజాం దగ్గర ఉన్న దండు నుంచి ఆ పేరు వచ్చింది. తిమ్మయ్య చేరేనాటికి అందులో ఉన్నది ఉత్తరాది జవాన్లు. కుమావూ కొండలవాళ్లు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరు మార్చి కుమావూ రెజిమెంటు అన్నారు.

తెల్లవాళ్ల కొలువులో

ఆఫీసర్ అయ్యారు గానీ అది బ్రిటిష్‌వాళ్ల సైన్యం. జీతం ఇచ్చేది వాళ్లు. హుకుం వాళ్లది. తోటి తెల్ల ఆఫీసర్లు కొన్ని క్లబ్బుల్లోకి మనవాళ్లను రానిచ్చేవారు కాదు. బయట దేశంలో స్వతంత్రం కోసం జనం జైళ్లకు పోతున్నారు. లోపల తిమ్మయ్య లాంటి కుర్ర ఆఫీసర్లకు ఇది తలకు మించిన బాధగా ఉండేది. మనం చేస్తున్నది సరైన పనేనా? ఎవరి కోసం ఈ యూనిఫాం?

అలహాబాదులో ఉన్నప్పుడు మోతీలాల్ నెహ్రూ గారు కలిశారు. జవహర్‌లాల్ తండ్రి. బ్రిటిష్ సైన్యం బట్టలు ఎలా ఉన్నాయి అని ఆయన అడిగారట. వేడిగా ఉన్నాయి అని తిమ్మయ్య ఒక్క ముక్కలో జవాబు చెప్పారట. ఆ జవాబు నవ్వులాటకు చెప్పిందో, మనసులో మాటో ఎవరికి వాళ్లే అనుకోవాలి. ఉద్యోగాలు వదిలేసి ఉద్యమంలోకి వస్తాం అని ఆ కుర్ర ఆఫీసర్లు అడిగారు. మోతీలాల్ వద్దన్నారు. రేపు స్వతంత్రం వస్తే సైన్యం నడపడం తెలిసిన మనవాళ్లు కావాలి, మీరు ఉండి నేర్చుకోండి అని చెప్పి పంపారు.

1935లో నీనా గారితో ఆయనకు పెళ్లయింది. అదే ఏడు మే నెలాఖరున క్వెట్టాలో పెద్ద భూకంపం వచ్చింది. క్వెట్టా ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. వేలమంది చనిపోయారు. కొత్తగా కాపురానికి వచ్చిన ఈ జంట అప్పుడు అక్కడే ఉంది. దెబ్బలు తగిలినవాళ్లకు నీనా చేసిన సేవకు ప్రభుత్వం పతకం ఇచ్చింది. ఇంట్లో మొదటి పెద్ద పతకం భార్యకే వచ్చిందన్న మాట.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. తిమ్మయ్య బర్మాలో జపాన్ వాళ్లతో పోరాడారు. ఆయన అన్న పొన్నప్ప కూడా సైన్యంలో ఆఫీసరే. కానీ ఆయన సుభాష్ చంద్రబోసు నడిపిన ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. అన్న ఒక వైపు, తమ్ముడు ఒక వైపు. దేశం మీద ఇద్దరికీ ప్రేమే. దారులు వేరయ్యాయి. ఆ రోజుల్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి.

1945 మొదట్లో బర్మా తీరంలో కంగా అనే చోట ఘోరమైన పోరు జరిగింది. అక్కడ ఒక బ్రిగేడులోని మూడు పటాలాలకూ భారతీయులే నాయకులు. తిమ్మయ్య, థొరాట్, సేన్. భారతీయుడికి పటాలం నడపడం చేతనవుతుందా అని అనుమానపడే తెల్లవాళ్లు ఆ రోజుల్లో ఉన్నారు. ఈ ముగ్గురూ గెలిచారు. ముగ్గురికీ ధైర్యానికి ఇచ్చే పెద్ద పతకం వచ్చింది. తరవాత తిమ్మయ్యకు ఒక బ్రిగేడునే అప్పగించారు. థొరాట్ అనే పేరు గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

కనుమ ఎక్కిన ట్యాంకులు

1947లో స్వతంత్రం వచ్చింది. దేశం రెండు ముక్కలయింది. పంజాబులో ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు లక్షల మంది నడిచిపోయారు. దారిలో నరుక్కున్నారు. ఆ కాందిశీకులను కాపాడి దాటించే పనిలో తిమ్మయ్య ఉన్నారు. ఆ ఏడు చివరికి కాశ్మీరులో యుద్ధం మొదలైంది. 1948 మే నెలలో తిమ్మయ్యను కాశ్మీరుకు పంపారు. అప్పటికి ఆయన మేజర్ జనరల్.

ఇప్పుడు అక్కడి దారి గురించి కొంచెం తెలుసుకోవాలి. లేకపోతే ఆయన చేసిన పని ఎంత కష్టమో తెలియదు.

కాశ్మీరు లోయలో శ్రీనగర్ ఉంది. తూర్పున చాలా దూరంలో, కొండలకు అవతల లడఖ్ ఉంది. లడఖ్‌కు పెద్ద ఊరు లేహ్. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లాలంటే జోజిలా అనే కనుమ దాటాలి. కనుమ అంటే రెండు కొండల మధ్య సందు. జోజిలా ఎత్తు పదకొండున్నర వేల అడుగులు. మన తిరుమల కొండ సుమారు 2,800 అడుగులు. అంటే తిరుమలకు నాలుగింతల ఎత్తు. గాలి పలచగా ఉంటుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. చలికాలం వస్తే మంచు కమ్మి దారి మూసుకుపోతుంది.

ఆ కనుమను పాకిస్తాన్ వైపు దళాలు పట్టుకున్నాయి. దాని అవతల ద్రాస్, కార్గిల్ కూడా వాళ్ల చేతిలోకి పోయాయి. ఇక లేహ్ ఒంటరి అయిపోయింది. దాన్ని కాపాడేవాళ్లు పిడికెడు మంది. దారి లేదు. సాయం వెళ్లేది ఎలా?

ఉంటే గింటే ఆకాశంలోనే దారి ఉంది. లేహ్‌లో నది పక్కన ఇసుక నేలను చదును చేశారు. సోనం నోర్బు అనే లడఖ్ ఇంజనీరు జనాన్ని కూడగట్టి ఆ పని చేయించారు. అంత ఎత్తున అప్పటిదాకా మన విమానం ఏదీ దిగలేదు. దారి చూపే పటాలు సరిగా లేవు. 1948 మే 24న మెహర్ సింగ్ అనే వైమానిక దళం పెద్ద డకోటా విమానం తానే నడిపారు. పక్కన కూర్చున్నది తిమ్మయ్య. ఇది తేలిక సంగతి కాదు. జనరల్ స్థాయి మనిషి మొదటి విమానంలో ఎక్కి కూర్చోనక్కర లేదు. వేరేవాళ్లను పంపి చూడవచ్చు. ఆయన తానే వెళ్లారు. విమానం క్షేమంగా దిగింది. ఆ వెనక జవాన్లు, సరుకులు వెళ్లాయి. లేహ్ నిలిచింది.

కానీ విమానాలతో ఎన్నాళ్లు? చలికాలం మొత్తానికి తిండి, మందుగుండు కావాలి. దారి తెరవాలి. సెప్టెంబరులో మన కాల్బలం జోజిలా మీదికి రెండు మార్లు వెళ్లింది. పైన కొండ గుహల్లో మరతుపాకులు పెట్టుకుని ఉన్నారు శత్రువులు. కింద నుంచి ఎక్కేవాళ్లు వాళ్లకు ఎదురుగా కనబడతారు. మనవాళ్లు చాలామంది పోయారు. కనుమ మాత్రం దక్కలేదు.

అప్పుడు తిమ్మయ్యకు ఒక ఆలోచన వచ్చింది. ట్యాంకు తీసుకుపోతే?

ట్యాంకు అంటే మీకు తెలుసు. ఇనుప కవచం ఉన్న యుద్ధపు బండి. మరతుపాకి గుండ్లు దానికి తగలవు. కానీ ఆ కనుమ మీదికి ఉన్నది కంచర గాడిదలు నడిచే బాట. ఒక్కొక్క ట్యాంకు బరువు సుమారు 15 టన్నులు. నిండా సరుకు వేసిన లారీ అంత. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. అంత ఎత్తుకు అప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ ట్యాంకులతో పోరాడలేదు. శత్రువు కలలో కూడా అనుకోడు. అదే తిమ్మయ్యకు కావలసింది.

ట్యాంకులు జమ్మూ వైపు ఉన్నాయి. దారిలో వంతెనలు బలం లేనివి. అందుకని ట్యాంకుల పై టోపీలు ఊడదీశారు. ఫిరంగి ఉండే ఆ పై భాగాన్ని విడిగా మోశారు. చూసేవాళ్లకు ఏవో మామూలు మిలిటరీ బళ్లు అనిపించాలని గుడ్డలు కప్పారు. శ్రీనగర్ దాటే రాత్రి ఊళ్లో కర్ఫ్యూ పెట్టారు. ఎవరూ బయటికి రాకూడదు, ఎవరూ చూడకూడదు. అలా దాచి దాచి కనుమ కిందికి చేర్చారు.

మరి బాట? దాన్ని వెడల్పు చేసింది మద్రాస్ సాపర్లు. సాపర్లంటే సైన్యంలో రోడ్లు, వంతెనలు వేసే జవాన్లు. మద్రాస్ సాపర్లలో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళం మాట్లాడే మనుషులే ఉంటారు. ఎండ దేశం వాళ్లు. గడ్డకట్టే చలిలో, శత్రువు తుపాకీ అందే దూరంలో, కొండ రాయి పగలగొట్టి ట్యాంకు పట్టేంత బాట చేశారు. యుద్ధం కథల్లో ఫిరంగి పేల్చినవాళ్ల పేర్లు గట్టిగా వినబడతాయి. పార పట్టినవాళ్ల పేర్లు అంతగా వినబడవు. వాళ్ల బాట లేకపోతే తిమ్మయ్య ఆలోచన కాగితం మీదే ఉండిపోయేది.

1948 నవంబరు 1. మంచు పడుతోంది. మధ్యాహ్నం దాటాక ట్యాంకులు కదిలాయి. వెనకే కాల్బలం. ముందు ట్యాంకుల్లో తిమ్మయ్య కూడా ఉన్నారు. పైన గుహల్లో ఉన్నవాళ్లకు ఏదో గరగర చప్పుడు వినబడింది. చూస్తే మంచులో నుంచి ట్యాంకులు వస్తున్నాయి. వాళ్ల తుపాకులు వాటిని ఏమీ చేయలేకపోయాయి. ట్యాంకులు గుహల నోళ్ల మీదికే పేల్చాయి. సాయంత్రానికి కనుమ మన చేతికి వచ్చింది. రెండు నెలలుగా కాని పని ఒక్క పూటలో అయింది. నవంబరు నడిమికి ద్రాస్, నెలాఖరు లోపల కార్గిల్ తిరిగి వచ్చాయి. లేహ్ దారి తెరుచుకుంది. 1949 జనవరి 1 నుంచి కాల్పులు ఆగాయి.

ఇంటికి పోమన్న ఖైదీలు

ఇప్పుడు చెప్పేది యుద్ధం కాదు. నన్నడిగితే తిమ్మయ్య గారు చేసిన పనుల్లో ఇదే అన్నిటికన్నా కష్టం.

మన దేశానికి తూర్పున చాలా దూరంలో కొరియా ఉంది. అది ఉత్తర కొరియా, దక్షిణ కొరియా అని రెండయింది. 1950 జూన్‌లో వాటి మధ్య యుద్ధం వచ్చింది. ఉత్తరం వైపు చైనా చేరింది. దక్షిణం వైపు ఐక్యరాజ్య సమితి పేరుతో అమెరికా, మరికొన్ని దేశాలు చేరాయి. లక్షల మంది చనిపోయారు. రెండు పక్కలా వేలమంది పట్టుబడ్డారు. వాళ్లే యుద్ధ ఖైదీలు.

యుద్ధం ఆగితే ఖైదీలను వాళ్ల దేశానికి పంపేయాలి. అది దేశాలన్నీ ఒప్పుకున్న పద్ధతి. కానీ ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. దక్షిణం వైపు చిక్కిన చైనా, ఉత్తర కొరియా ఖైదీల్లో చాలామంది మేం ఇంటికి పోం అన్నారు. అక్కడి ప్రభుత్వం అంటే భయం అన్నారు. మావాళ్లను మీరే బెదిరించి అలా అనిపిస్తున్నారని చైనా, ఉత్తర కొరియా గొడవ చేశాయి. ఈ ఒక్క పేచీ తెగక సంధి ఏడాదికి పైగా ఆగిపోయింది. ఆ ఏడాదంతా మనుషులు చస్తూనే ఉన్నారు.

చివరికి 1953 జులై 27న ఒప్పందం కుదిరింది. పోతామన్నవాళ్లను పంపేయాలి. పోమన్నవాళ్లను ఏ పక్షమూ కాని ఐదు దేశాల సంఘానికి అప్పగించాలి. ఆ ఐదు ఏవంటే స్వీడన్, స్విట్జర్లాండ్, పోలాండ్, చెకొస్లొవేకియా, భారతదేశం. సంఘానికి అధ్యక్షత భారతదేశానిది. ఖైదీలకు కాపలా కూడా భారత సైన్యమే కాయాలి. అధ్యక్షుడుగా తిమ్మయ్య వెళ్లారు. కాపలా దళానికి పెద్దగా థొరాట్ వెళ్లారు. బర్మాలో పక్క పక్కన పోరాడిన ఆ థొరాటే.

మనవాళ్లు సుమారు ఆరు వేల మంది వెళ్లారు. వెళ్లీ వెళ్లగానే అవమానం ఎదురయింది. భారతీయులు మా నేల మీద అడుగు పెట్టకూడదని దక్షిణ కొరియా అధ్యక్షుడు పట్టుబట్టాడు. దాంతో ఓడల మీద నుంచే హెలికాప్టర్లలో ఎక్కించి, రెండు పక్షాల మధ్య ఖాళీగా ఉన్న నేల మీద దింపారు. అక్కడ మనవాళ్లు డేరాలు వేసుకున్నారు. దానికి హింద్ నగర్ అని పేరు పెట్టుకున్నారు.

ఇరవై రెండు వేల ఆరు వందల మంది ఖైదీలు వీళ్ల చేతికి వచ్చారు. ఇవతలి పక్షం వాళ్లు అవతల చిక్కి, మేం ఇంటికి పోం అన్నవాళ్లు 359 మంది. వాళ్లలో 23 మంది అమెరికా సిపాయిలు కూడా ఉన్నారు.

పద్ధతి ఇది. ఒక్కొక్క ఖైదీని ఒక డేరాలోకి తీసుకురావాలి. అక్కడ వాళ్ల దేశం ప్రతినిధి నచ్చజెబుతాడు. ఇంటికి రా, నీకేం భయం లేదు అంటాడు. విన్నాక ఖైదీ తన ఇష్టం చెప్పాలి. డేరాకు రెండు గుమ్మాలు. ఒక గుమ్మం లోంచి పోతే ఇల్లు. ఇంకో గుమ్మం లోంచి పోతే తిరిగి శిబిరం. దీనికి తొంభై రోజులు గడువు.

వినడానికి బాగానే ఉంది. చేయడానికే కష్టం. శిబిరాల్లో ఖైదీలకు వాళ్లలో వాళ్లకే నాయకులున్నారు. ఎవడైనా ఇంటికి పోతానంటే వాణ్ణి కొట్టేవారు, చంపేస్తామనేవారు. డేరాలోకి తెచ్చినవాళ్లు కేకలు పెట్టేవారు, కుర్చీలు విసిరేవారు. నచ్చజెప్పేవాళ్లు ఒక్కొక్క మనిషిని గంటల తరబడి వదిలేవారు కాదు. కొందరు ఖైదీలు రాత్రి పూట కంచె దూకి వచ్చి, నన్ను ఇంటికి పంపండి బాబూ అని మన జవాన్ల కాళ్ల మీద పడేవారు.

సెప్టెంబరులో ఒక రోజు ఖైదీలు మన మేజర్ ఒకరిని లోపల పట్టుకున్నారు. థొరాట్ కొద్దిమందిని వెంట తీసుకుని ఆ గుంపు మధ్యకే వెళ్లారు. కాల్పులు జరపకుండా మాటలతోనే ఆ మేజర్‌ను విడిపించుకు వచ్చారు. అన్ని రోజులూ అలా గడవలేదు. అక్టోబరు మొదట్లో అల్లరి మితిమీరినప్పుడు మన కాపలావాళ్లు కాల్పులు జరపవలసి వచ్చింది. కొందరు ఖైదీలు చనిపోయారు. రెండు పక్షాలూ మన మీదే పడ్డాయి. ఖైదీలను బలవంతంగా లాక్కొస్తున్నారని ఒకళ్లు, ఖైదీల నాయకులకు భయపడుతున్నారని ఇంకొకళ్లు. మన సంఘంలోనే ఐదు దేశాలకు ఐదు మాటలు.

తొంభై రోజులు డిసెంబరు 23తో అయిపోయాయి. అప్పటికి మూడు వేల చిల్లర మందికే నచ్చజెప్పడం అయింది. మిగిలినవాళ్లను ఏం చేయాలి? ఇంకా గడువు కావాలని చైనా వైపు అన్నారు. గడువు దాటింది, వదిలేయండి అని అమెరికా వైపు అన్నారు. ఈ సంగతి పెద్ద సభ పెట్టి తేల్చుకుంటామని ఒప్పందంలో రాసుకున్నారు. ఆ సభే జరగలేదు.

తిమ్మయ్య ఒప్పందం కాగితాన్ని ముందు పెట్టుకున్నారు. ఖైదీలను నచ్చినట్టు వదిలిపెట్టే హక్కు మనకు అందులో లేదు. ఎల్లకాలం పట్టి ఉంచే హక్కూ లేదు. కాబట్టి ఎవరు అప్పగించారో వాళ్లకే తిరిగి అప్పగిస్తాం అన్నారు. 1954 జనవరి 20 నుంచి ఆ పని చేశారు. ఇరవై ఒక్క వేల మందికి పైగా అలా వెళ్లారు. నచ్చజెప్పాక గానీ, కంచె దూకి వచ్చి గానీ ఇంటికి పోయినవాళ్లు ఆరు వందల చిల్లర. 88 మంది ఆ రెండు వైపులకూ పోం అన్నారు. వాళ్లు మన జవాన్లతో పాటు ఓడ ఎక్కి భారతదేశం వచ్చారు.

రెండు పక్షాలకూ ఈ తీర్పు నచ్చలేదు. కానీ యుద్ధం మాత్రం మళ్లీ మొదలు కాలేదు. ఆ ఏడే ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు. కొరియాలో జరిగినదంతా ఆయన రాసి పెట్టారు. ఆ పుస్తకం ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1981లో అచ్చయింది.

రాజీనామా

1957 మేలో తిమ్మయ్య సైన్యాధిపతి అయ్యారు. జవాన్లకు ఆయనంటే ప్రాణం. జనంలోనూ మంచి పేరు. ఆ పేరే తరవాత ఇబ్బంది తెచ్చిందేమో.

రక్షణ మంత్రి వి.కె. కృష్ణ మీనన్. తెలివిగలవాడు, నోరు పదును. సైన్యంలో ఎవరికి ఏ పదవి ఇవ్వాలి అనే దగ్గర ఇద్దరికీ పడలేదు. అదే సమయంలో ఉత్తరాన చైనా సరిహద్దు వేడెక్కుతోంది. సైన్యానికి కావలసిన సామాను మీద కూడా మాటామాటా వచ్చింది. 1959 ఆగస్టు 31న తిమ్మయ్య రాజీనామా రాసి ప్రధాని నెహ్రూకు ఇచ్చారు. నెహ్రూ పిలిచి నచ్చజెప్పారు. తిమ్మయ్య కాగితం వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే సంగతి పేపర్లకు ఎక్కింది. నెహ్రూ పార్లమెంటులో లేచి, సైన్యం మీద ప్రజలెన్నుకున్న ప్రభుత్వానిదే పైచేయి అని గట్టిగా చెప్పారు. తిమ్మయ్య చేసింది సరికాదన్నట్టు మాట్లాడారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మన దేశంలో యుద్ధం చేయాలా, సంధి చేయాలా అని తేల్చేది సైన్యం కాదు. మనం ఓటు వేసి పంపిన మనుషులు. సైన్యం వాళ్ల మాట వినాలి. పక్కనే పాకిస్తాన్‌లో 1958లో సైన్యాధిపతి ప్రభుత్వాన్నే చేతిలోకి తీసుకున్నాడు. అది చూసి ఢిల్లీ పెద్దలకు భయం పట్టుకుంది. తిమ్మయ్య అలాంటి పని తలపెట్టలేదు. మాట చెల్లనప్పుడు పదవి వదిలేస్తానన్నారు, అంతే. మరి జనరల్ మాట మంత్రి వినకపోతే ఏమవుతుంది? ఓటుదే పైచేయి అన్నది నిజం. తెలిసినవాడి మాట చెవిని పెట్టాలన్నదీ నిజమే. రాజీనామా వెనక్కి తీసుకోకుండా ఉండాల్సింది అని అప్పుడూ తరవాతా చాలామంది అన్నారు. నాకూ అదే అనిపిస్తుంది. వెనక్కి తీసుకున్నాక ఆయన మాటకు మునుపటి బలం రాలేదు.

1961 మేలో పదవీ విరమణ చేశారు. 1962 జులైలో ఒక పత్రికలో రాస్తూ, చైనాతో మనం ఒక్కళ్లమే నిండు యుద్ధానికి దిగే స్థితిలో లేమని ఒక సైనికుడుగా తన అంచనా చెప్పారు. మూడు నెలలకే, అక్టోబరులో, ఆ యుద్ధం వచ్చింది. మనం ఓడిపోయాం. చలి బట్టలు, సరైన తుపాకులు లేక ఎందరో జవాన్లు మంచులో ప్రాణాలు వదిలారు. కృష్ణ మీనన్ పదవి పోయింది.

సైప్రస్‌లో

సైప్రస్ మధ్యధరా సముద్రంలో చిన్న ద్వీపం. అక్కడ గ్రీకు భాష మాట్లాడేవాళ్లు ఎక్కువ. టర్కీ భాష మాట్లాడేవాళ్లు తక్కువ. 1960లో స్వతంత్రం వచ్చింది. మూడేళ్లకే ఇద్దరూ కొట్టుకున్నారు. ఊళ్లు విడిపోయాయి. 1964 మార్చిలో ఐక్యరాజ్య సమితి శాంతి దళాన్ని పంపాలని తీర్మానించింది. ఆ దళానికి మొదటి పెద్ద మన దేశపు జనరల్ జ్ఞానీ. ఆయన తరవాత జులైలో తిమ్మయ్య వెళ్లారు.

రకరకాల దేశాల సిపాయిలు. వాళ్ల పని గెలవడం కాదు, రెండు గుంపుల మధ్య నిలబడడం. తిమ్మయ్యకు ఇది కొత్త కాదు. కొరియాలో చేసిందీ అదే. రెండు పక్షాల నాయకుల దగ్గరికీ పోయేవారు, కూర్చుని మాట్లాడేవారు. 1965 డిసెంబరు 18న అక్కడే గుండెపోటుతో చనిపోయారు. వయసు 59. భౌతిక కాయాన్ని బెంగుళూరు తెచ్చి సైనిక మర్యాదలతో ఖననం చేశారు. మరుసటి ఏడు సైప్రస్ ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.

మడికేరిలో ఆయన పెరిగిన ఇంటి పేరు సన్నీ సైడ్. చాలా ఏళ్లు అందులో బండ్లకు లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ ఆఫీసు నడిచింది. బాగుచేసి దాన్ని ఆయన పేరున మ్యూజియంగా మార్చారు. 2021 ఫిబ్రవరి 6న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని తెరిచారు. కావేరి పుట్టిన చోటు చూడడానికి తలకావేరి పోయేవాళ్లు మడికేరి మీదుగానే పోతారు. ఈ ఇల్లు ఆ ఊళ్లోనే ఉంది.